ఆ యేటి జాబితాలో లేని నవల

పదహారు పేజీలు

పదహారు పేజీలు లేని నవలను నేను ఆ యేటి మంచి నవలల్లో మొదట పెట్టాను. విమర్శకుడిగా అది నా రెండో సంవత్సరం. ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఏడాది చివర పుస్తకాలు ఎంచే పనిలోకి కొత్తగా వస్తున్న మీరు నన్ను పుట్టుపండితుణ్ణి అనుకోకూడదు. ఈ పని నాకు వచ్చు, బాగానే వచ్చు. కాకపోతే నలుగురి ముందూ తప్పులు చేసి నేర్చుకున్నాను.

అప్పుడు నేను చిత్తూరులో ఒక వారపత్రికలో ఉండేవాణ్ణి. యుద్ధం రోజులు. కాగితానికి కంట్రోలు వచ్చి, ఇరవై నాలుగు పేజీల పత్రిక పన్నెండుకు దిగింది. ఆ పన్నెండులోనే డిసెంబరు ఆఖరి సంచికలో ఒక నిండు పేజీ నాకు ఇచ్చేవారు. దాని పేరు ‘ఈ యేటి మంచి నవలలు’. బెజవాడ నుంచీ మద్రాసు నుంచీ వచ్చిన కొత్త నవలలను పదకొండు నెలలు చదివి, పన్నెండో నెలలో పది ఎంచి, ఒక్కొక్కదానికి నాలుగు వాక్యాలు రాయాలి. చూడడానికి చిన్న పని. కానీ మా జిల్లాలో పల్లె గ్రంథాలయాలు చాలావాటికి ఆ పేజీయే ఆధారం. దాన్ని కత్తిరించి గోడకు అంటించి, అందులో ఉన్నవే తెప్పించుకునేవారు. అందులో లేని పుస్తకం పీలేరుకూ పోదు, పలమనేరుకూ పోదు.

ఇక ఆ పదహారు పేజీల సంగతి. నా ప్రతిలో నూట ఇరవై ఎనిమిదో పేజీ చివర నాయిక బావి దగ్గర బిందె ఎత్తుకుంటుంది. పేజీ తిప్పితే భర్త ఆమెకు తద్దినం పెడుతున్నాడు. నేను ఉబ్బిపోయాను. ‘మరణాన్ని చెప్పకుండానే చెప్పిన అపూర్వమైన నేర్పు’ అని రాశాను. జాబితా అచ్చయిన నాలుగో రోజున ఒక కార్డు వచ్చింది. ‘అయ్యా, ఆమె మరణం నేను చదివిన ప్రతిలో పదహారు పేజీలు ఉంది. నూట ముప్పై మూడో పేజీలో జ్వరం మొదలవుతుంది. మీ ప్రతిలో ఆ పదహారు పేజీల ఫారం కుట్టడం మరిచినట్లున్నారు. కావాలంటే నా దగ్గరున్న ప్రతి పంపుతాను. బడి గ్రంథాలయానిది, రెండు వారాల్లో తిరిగి ఇవ్వాలి.’ కింద సంతకం: గ్రేసమ్మ, తెలుగు టీచరు.

మా సంపాదకుడు దొరసామినాయుడుగారు ఆ కార్డును ప్రెస్సు మధ్యలో నిలబడి గట్టిగా చదివారు. కంపోజిటర్లు చేతిలో అక్షరాలు పట్టుకునే నవ్వారు. ఆయన నవ్వలేదు.

“చెంగల్రాయా, పుస్తకం సదివినావా, తిప్పినావా?”

“చదివినానయ్యా.”

“పేజీకి అంకె వేసేది దేనికప్పా? అందానికా?”

ఆ కార్డును మరుసటి వారం ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. అంతటితో వదల్లేదు. తనే ఆ బడికి వెళ్ళి, ఇక మీదట డిసెంబరు జాబితాకు రెండో చదువరిగా ఉండమని గ్రేసమ్మను అడిగి వచ్చారు. మొదటి పాఠం మీకూ ఇదే: పుస్తకం చేతికి రాగానే ముందు పేజీల అంకెలు చూడండి. మీ పొగడ్త ఎంత తెలివిగా ఉంటే అంత అనుమానించండి.

నాయుడుగారు

నాకు దొరికిన పైవాళ్ళలో ఆయనంత మంచివాడు లేడు, అంత మొండివాడూ లేడు. ఒక పెద్ద భూస్వామి నవల రాసి, వేసవిలో మామిడిపండ్ల గంపతో సహా ఆఫీసుకు పంపాడు. నాయుడుగారు పండ్లన్నీ ప్రెస్సులో పంచిపెట్టారు. డిసెంబరులో నన్ను పిలిచి, “ఆయన నవల ఎట్లుండాది?” అని అడిగారు. ఎంత ప్రయత్నించినా నలభై పేజీలు దాటలేకపోయానని చెప్పాను.

“పండ్లు మాత్రం బాగుండె. పండ్ల జాబితా వేసేటప్పుడు సూద్దాం లే” అన్నారు.

ఇంకో యేడు నాకు ఏడు నవలలే నచ్చాయి. పది నిండాలని మూడు నాసిరకం పుస్తకాలు చేర్చి పట్టుకెళ్ళాను. నాలుగు వాక్యాల చొప్పున నేను రాసింది చదివి, ఆ మూడింటినీ ఆయనే కొట్టేశారు. “ఈ మూడింటి గురించి రాసేటప్పుడు నీకే నిద్రొచ్చినట్లుండాది” అన్నారు. ఆ యేడు పేజీ అడుగున ఖాళీ మిగిలింది. కాగితం అంత కరువుగా ఉన్న రోజుల్లో ఆ ఖాళీని అట్లాగే వదిలేసిన మనిషి ఆయన.

గ్రేసమ్మకు అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. తండ్రి పూతలపట్టు దగ్గర ఒక పల్లె చర్చిలో ఉపదేశి. ఆదివారం ఆయన వాక్యం చదువుతుంటే వింటూ పెరిగిన మనిషి కాబట్టి, ఏ పుస్తకమైనా పైకి చదివి చూసేది. నేను కళ్ళతో చదివేవాణ్ణి. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతా అదే. అది ఎంత పెద్ద తేడానో నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

మోకాలిమిట్ట

తిరుమల కొండకు బస్సులు తిరగడం మొదలైన మరుసటి యేడు ఒక నవల వచ్చింది. పేరు ‘మోకాలిమిట్ట’, కొండ నడకదారిలో మోకాళ్ళు పట్టేసే నిటారు మెట్ల చోటు అది. రాసినవాడు మునిరత్నం. తిరుమలలో పసుపు, కుంకుమ, కొయ్యబొమ్మలు అమ్మే అంగడి అతనిది. తండ్రి ముప్పై యేళ్ళు డోలీ మోశాడు. నడవలేని యాత్రికులను కొండ కింది నుంచి పైదాకా భుజం మీద ఎక్కించినవాడు. బస్సులు రాగానే ఆ పని పోయింది. నవల కథ అదే. తిరుపతిలో ఒక చిన్న ప్రెస్సులో సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. మట్టిరంగు కాగితం, అరిగిన అక్షరాలు.

కథ నన్ను పట్టుకుంది. అది ఒప్పుకుంటాను. కానీ అందులో మనుషులందరూ మా వైపు మాటే మాట్లాడతారు. ఉండాది, యాడ, వచ్చినాడు, పోతిమి. నవంబరులో చిన్న సమీక్ష రాశాను: ‘వస్తువు కొత్తది. భాష గ్రామ్యం. పాత్రల మాటలు సంస్కరించి ఉంటే బాగుండేది.’

డిసెంబరులో గ్రేసమ్మ తన జాబితా తెచ్చింది. మొదటి పేరు మోకాలిమిట్ట. నా జాబితాలో అది లేనే లేదు.

“అన్నా, మీ జాబితాలో ఉండే ఆ బెజవాడ నవలలో రైతు బెజవాడ మాట మాట్లాడితే సహజంగా ఉందని రాస్తిరి. మన కొండ కింది మనిషి మన మాట మాట్లాడితే గ్రామ్యమా?” అని అడిగింది.

“అచ్చులో చూస్తే ఎబ్బెట్టుగా ఉందమ్మా.”

“మన మాటను అచ్చులో ఎప్పుడూ సూడలేదు గదా. అందుకే ఎబ్బెట్టుగా ఉండాది.”

జవాబు లేనప్పుడు మనిషికి మొండితనం పెరుగుతుంది. నాయుడుగారి వైపు చూశాను. “పేజీ నీది, మాట నీది. నేను నడమ రాను” అన్నారాయన.

జాబితా పేజీని అచ్చుకు బిగించే రోజు ఉదయం మునిరత్నమే వచ్చాడు. సన్నటి మనిషి, నా యీడువాడే. తిరుపతి నుంచి మొదటి బస్సుకు బయలుదేరినట్టున్నాడు, చొక్కా నిండా దుమ్ము. నా సమీక్ష కత్తిరించిన ముక్క చేతిలో ఉంది. కోపంగా లేడు.

“సామీ, సంస్కరించాల అని రాసినారు. ఎట్లనో నాకు తెలీదు. మా నాయన కడాసారి డోలీ దించినప్పుడు ఒక మాటన్నాడు, నూటపదో పేజీలో ఉండాది. అది ఎట్ల రాయాల్నో మీరే రాసియ్యండి. నేర్చుకుంటాను.”

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే నేర్చుకోవాలని వచ్చాడు. నేను పుస్తకం తీసి చూశాను. డోలీ దించి తండ్రి కొడుకుతో అనే మాట: “బుజం తేలికైపోయినాది రా. తేలికైతే ఏడుపొస్తాదని ఎవురూ చెప్పలేదే.”

నేను కలం తీసి రాశాను. మునిరత్నం ఆ కాగితం తీసుకుని మర్యాదగా, పైకి చదివాడు: “నా భుజం తేలికయింది. తేలిక అయినందువల్ల దుఃఖం కలుగుతుందని నాకెవరూ తెలుపలేదు.”

అక్షరాలు పేరుస్తున్న ఫోర్‌మన్ తలెత్తి, “ఎవురు సామీ, తాసిల్దారా?” అన్నాడు. ప్రెస్సంతా నవ్వింది. ప్రూఫులు చూడడానికి వచ్చి ఉన్న గ్రేసమ్మ మాత్రం నవ్వలేదు, నా ముఖంలోకి చూడకుండా తల తిప్పుకుంది.

ఆ క్షణంలో జాబితా మార్చడానికి సమయం ఉంది. ఒక పేరు తీసి ఒక పేరు పెట్టడానికి పావుగంట చాలు. నేను మార్చలేదు. నలుగురు నవ్విన తర్వాత మార్చితే ఓడిపోయినట్టు అవుతుందని అనుకున్నాను. మునిరత్నం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “వస్తాను సామీ” అని వెళ్ళిపోయాడు. జాబితా నా జాబితాగానే అచ్చయింది. నా వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఆ పదహారు పేజీలు చదవకపోవడం అజాగ్రత్త. ఇది అట్లా కాదు. తెలిసి చేశాను.

అమ్మ అడిగిన మాట

రెండు నెలల తర్వాత మా అమ్మను తిరుమలకు తీసుకెళ్ళాను. నడిచి ఎక్కుతానని ఆమెకు మొక్కుంది. బస్సులో పోదామని బతిమాలితే వినలేదు. గాలిగోపురం దాటేసరికి కాళ్ళు లాగి, ఒక మండపంలో కూర్చుంది.

ఆ మండపంలో అయిదారుగురు ముసలివాళ్ళు ఉన్నారు. భుజాల మీద కాయలు కాసిన మనుషులు, ఒకప్పటి డోలీ మోతగాళ్ళు. వాళ్ళ మధ్య కూర్చుని ఒకతను పుస్తకం చదువుతున్నాడు. మునిరత్నం. వీపు మా వైపు ఉంది. నేను స్తంభం పక్కకు జరిగాను.

అతను చదువుతుంటే ఆ ముసలివాళ్ళు ఊరికే వినడం లేదు. మధ్యలో ఒకతను, “అది ఆ మెట్టు కాదురా, దాని కింది మెట్టు” అంటాడు. ఇంకొకతను, “అప్పుడు మీ నాయన తిట్టిన తిట్టు రాయలేదే” అంటాడు. మునిరత్నం, “అది రాస్తే పుస్తకం ఇంట్లో పెట్టుకోలేరు మామా” అంటాడు. నవ్వుకుంటారు. తర్వాత భుజం మాట వచ్చింది. ఒక ముసలాయన తన ఎడమ భుజం మీద చేయి వేసుకుని కూర్చున్నాడు.

నేను కళ్ళతో రెండుసార్లు చదివిన పుస్తకం అది. చెవితో విన్నది మొదటిసారి. అందులో ఒక్క మాట తీయడానికి లేదు. నేను ఇంట్లో మాట్లాడే మాట, మా నాయన చనిపోయే ముందు నాతో మాట్లాడిన మాట, అచ్చులో కనబడితే నేను దానికి ఎర్రగీత గీశాను.

మా అమ్మకు చదువు రాదు. చేయి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

“ఎవురు రా రాసింది? మనిండ్లల్లో మాట్లాడుకున్నట్లే ఉండాదే!”

“ఆ చదివే ఆయనేనమ్మా.”

“నువ్వు సదివినావా దీన్ని?”

“చదివినాను.”

“బాగుండాదని రాసినావా?”

అమ్మ గొంతు కాస్త పెద్దది. మునిరత్నం వెనక్కి తిరిగాడు. నన్ను గుర్తుపట్టాడు. అమ్మకు నేనేం చెబుతానో అని కాబోలు, అతనే ముందు మాట్లాడాడు.

“రాసినారమ్మా, కథ బాగుండాదని రాసినారు” అన్నాడు.

పూర్తిగా అబద్ధం కాదు. ‘వస్తువు కొత్తది’ అని రాశాను కదా. నన్ను మా అమ్మ ముందు కాపాడడానికి అతనికి నా సమీక్షలో ఆ రెండు మాటలే దొరికాయి.

అమ్మను ఆ ముసలివాళ్ళతో మాట్లాడనిచ్చి, నేను అతన్ని పక్కకు పిలిచాను. “తప్పు చేసినాను మునిరత్నం. వచ్చే డిసెంబరులో సరిచేస్తాను. నీ దగ్గర ఎన్ని ప్రతులు ఉన్నాయి?” అని అడిగాను.

“నాలుగుండాయి సామీ. మిగిలినవి పసుపు కుంకుమ పొట్లాలకు వాడేసినాను. కాగితం యాడ దొరుకుతా ఉండాది? అంగట్లో అటకమీద ఊరికే పడుండె గదా.”

మామూలుగానే చెప్పాడు. నన్ను నొప్పించాలన్న ఉద్దేశం లేదు. ఒక జాబితాలో పేరు లేకపోతే పుస్తకానికి ఏమవుతుందో నాకు ఆ రోజే తెలిసింది. అప్పటిదాకా విమర్శకుడి తప్పు కాగితం మీద ఉంటుందని అనుకునేవాణ్ణి. అది కాగితాన్నే లేకుండా చేస్తుంది.

పేరు పెట్టిన పేజీ

డిసెంబరు వచ్చింది. ఆ యేటి జాబితాకు పైన, పోయిన యేడు నేను వదిలేసిన నవల గురించి ఒక పేరా రాసి నాయుడుగారి ముందు పెట్టాను. చదివి పక్కకు నెట్టారు.

“పోయిన యేటి పుస్తకానికి ఈ యేడు చోటు లేదు. పైగా తప్పు చేసినానని విమర్శకుడే రాసుకుంటే, రేపు నీ జాబితాను ఎవురు నమ్ముతారప్పా?”

“నమ్మకపోతే నమ్మకపోనీండి. అది లేకుండా ఈ పేజీ నేను రాయలేనయ్యా. వేరే మనిషిని చూసుకోండి.”

ఆయనతో నేను అట్లా మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు. పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఆ ఉద్యోగం తప్ప ఇంకొకటి లేని రోజులవి. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ ఆ పేరా చదివారు.

“ఇన్నాళ్ళూ ఈ పేజీ పత్రిక పేరు మీద పోయినాది. తప్పు నీదంటా ఉండావు గాబట్టి కింద నీ పేరు పెట్టు. అట్లయితే వేస్తాను.”

నేను రాసింది ఇంతే: ‘నిరుడు వచ్చిన నవలల్లో మోకాలిమిట్ట అన్నిటికన్నా మంచిది. దాన్ని నేను జాబితాలో పెట్టలేదు. భాష గ్రామ్యమని అన్నాను. అది నా ఇంటి భాష. దాన్ని చూసి సిగ్గుపడ్డది నేను. తప్పు పుస్తకంలో లేదు.’ కింద నా పేరు.

వెక్కిరిస్తూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ‘వచ్చే యేడు ఈ యేటి తప్పులు చెబుతారా?’ అని మదనపల్లె నుంచి ఒకాయన రాశాడు. కానీ పుస్తకం కావాలని గ్రంథాలయాల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. ఇవ్వడానికి పుస్తకాలు లేవు. మళ్ళీ అచ్చు వేయడానికి కాగితం దొరకదు. మునిరత్నం వచ్చి ఆ ఉత్తరాలు చూసి, ఒక్కొక్కదాన్ని చదివి, బల్లమీద పేర్చి కూర్చున్నాడు.

నాయుడుగారు ఆ పేర్చిన ఉత్తరాలు చూశారు. “పత్రికలోనే వేద్దాం. వారానికి పేజీన్నర. నా సంపాదకీయం అర పేజీకి తగ్గించండి, ఎవురూ ఏడవరు” అన్నారు.

అట్లా మోకాలిమిట్ట వారం వారం వచ్చింది. మొదటి వారం ప్రూఫులో ‘ఉండాది’ అన్న చోటల్లా ‘ఉంది’ అయింది. కంపోజిటర్లు మంచి మనసుతోనే సరిదిద్దారు. పదేళ్ళుగా మా పత్రిక వాళ్ళకు నేర్పింది అదే కదా. బడి వదిలాక సాయంత్రాలు వచ్చి గ్రేసమ్మ ఒక్కొక్క మాటను వెనక్కి తెచ్చింది. మూడో వారం నుంచి ఫోర్‌మనే, “ఈడ తప్పు పడినాది టీచరమ్మా, ‘ఉంది’ అని పడినాది” అని చెప్పడం మొదలుపెట్టాడు.

రెండో నవల

ఇక్కడ ఆపితే చదవడానికి బాగుంటుంది. కానీ ఈ పనిలో అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది.

రెండేళ్ళకు మునిరత్నం రెండో నవల రాశాడు. తిరుపతిలో ఒక వకీలు ఇంటి కథ. ఈసారి అచ్చు బాగుంది. అందరూ ఎదురుచూశారు. నేను రెండుసార్లు చదివాను, రెండోసారి పైకి. వాక్యాలు ఒక్కటీ తడబడవు. మనుషులు మాత్రం ఊపిరి తీయరు. అతను ఆ ఇంట్లో ఎప్పుడూ అడుగుపెట్టలేదని ప్రతి పేజీలో తెలుస్తుంది.

గ్రేసమ్మ కూడా చదివింది. “నాకు చెప్పే ధైర్యం లేదన్నా. మీరే చెప్పండి” అంది.

నాకూ భయమే. ఒకసారి అన్యాయం చేసిన మనిషికి మళ్ళీ కాదని చెప్పడం ఎట్లా? జాబితాలో చివర పదోదిగా పెట్టేస్తే ఎవరికీ నష్టం లేదని ఒక పూటంతా అనుకున్నాను. పదోది పెట్టడానికి ఇంకో మంచి నవల తీసేయాలి. దాని రచయిత ఎక్కడో విజయనగరంలో ఉంటాడు, నాకు ముఖపరిచయం లేదు. అతనికి నేను బాకీ లేనంత మాత్రాన అతని చోటు తీసి ఇంకొకరికి ఇచ్చే హక్కు నాకు రాదు. పెట్టలేదు.

పేజీ అచ్చుకు పోకముందే తిరుపతి వెళ్ళాను. కొండ బస్సులు బయలుదేరే చోట ఒక కాఫీ అంగడిలో మునిరత్నం కలిశాడు. నా చేతిలో పుస్తకం చూడగానే అతనికి అర్థమైంది.

“లేదా సామీ?”

“లేదు మునిరత్నం. బాగలేదు. ఈసారి భాష కాదు. మనుషులు నీకు తెలియరు.”

బయట బస్సు నిండుతోంది, కండక్టరు కేకలు వేస్తున్నాడు. మునిరత్నం లేచి ఆ బస్సెక్కి వెళ్ళిపోతాడని, అదే మా ఆఖరి మాట అవుతుందని అనుకున్నాను.

“మోకాలిమిట్టను మెచ్చుకొని మీరు రాసింది సూసి, నాకొక అనుమానం ఉండె” అన్నాడు చివరికి. “పొట్లాల సంగతి తెలిసి పాపమని రాసినారేమో అని. రెండేండ్లు అదే తొలుస్తా ఉండె. దీన్ని గూడా బాగుండాదని అనింటే, ఇంగ మొదటిదాన్ని నమ్మేవాణ్ణి కాదు.”

బస్సు వెళ్ళిపోయింది. అతను ఎక్కలేదు. ఇంకో రెండు కాఫీలు చెప్పి, పుస్తకాన్ని నా వైపు తిప్పాడు.

“సెప్పండి సామీ. యాడ సచ్చిపోయినాది ఇది?”

నేను మూడో అధ్యాయం తెరిచి, పైకి చదవడం మొదలుపెట్టాను.